ఎం32 వయసు తేల్చబోయి: నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లో ఒక కేస్ స్టడీ

నా దగ్గర ఎం32 గెలాక్సీ స్పెక్ట్రం (వెలుగుని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసి గీసిన గీత) ఒకటి ఉండేది, జె బ్యాండ్ నుంచి కె బ్యాండ్ దాకా, చూడ్డానికి ముచ్చటగా ఉండేది. దాన్ని ఒక మోడల్‌తో, అంటే ఏ వయసు నక్షత్రాల వెలుగు ఎలా ఉండాలో చెప్పే లెక్కతో, ఫిట్ చేస్తే గెలాక్సీ కుర్రదని వచ్చింది, ఇంకో మోడల్‌తో చేస్తే దాదాపు ముసలిదని వచ్చింది. రెండిట్లోనూ ఫిట్ గీత డేటా మీద అతుక్కున్నట్టే ఉంది. తప్పంతా మోడళ్లదేనని రెండు నెలలు తిట్టుకుంటూ తిరిగాను. కొంత వాటిదే. పెద్ద తప్పు మాత్రం నాది, అదీ టెలిస్కోప్ దగ్గర, రాత్రి రెండింటికి టీ తాగుతూ చేసింది.

ఇందులో నియర్ ఇన్‌ఫ్రారెడ్‌తో గెలాక్సీ వయసు చెప్పడం ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ ముంచుతుందో నేను దెబ్బ తిని నేర్చుకున్నదే ఎక్కువ. ఈ పని మొదలుపెట్టబోయే వాళ్లకి అది ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు గెలాక్సీ గురించి. ఎం32 ఆండ్రోమెడా గెలాక్సీ పక్కనే ఉండే చిన్న ఎలిప్టికల్, అంటే గుడ్డు ఆకారపు గెలాక్సీ. 1749లో ల జాంటీ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త కనిపెట్టాడు. దూరం సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు. మన మీద ఎంతో దయ ఉన్న దూరం అది, ఎందుకంటే హబుల్ లాంటి కంటితో చూస్తే అంచుల్లో నక్షత్రాలు విడివిడిగా కనిపిస్తాయి. మిగతా ఎలిప్టికల్ గెలాక్సీల్లో చాలా వరకు ఇంతకన్నా చాలా దూరం, అక్కడ కోట్ల నక్షత్రాల వెలుగు ఒక ముద్దగా వస్తుంది, ఆ ముద్దని చూసే వయసు చెప్పాలి. ఎం32లో రెండు పనులూ చేయొచ్చు. ముద్ద వెలుగు తీసుకుని వయసు లెక్కగట్టొచ్చు, తర్వాత నక్షత్రాలని ఒక్కొక్కటిగా లెక్కపెట్టిన వాళ్ల జవాబుతో సరిచూసుకోవచ్చు. వెనకాల పేజీలో జవాబులున్న లెక్కల పుస్తకం లాంటిదన్నమాట. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

ఈ గెలాక్సీ వయసు గొడవ కొత్తది కాదు. ఎలిప్టికల్స్ అన్నీ ముసలివే అని అందరూ అనుకునే రోజుల్లో, 1980లోనే ఓకానెల్ దీని స్పెక్ట్రం చూసి ఇందులో 500 కోట్ల ఏళ్ల వయసు నక్షత్రాలున్నాయన్నాడు. సూర్యుడి వయసు దాదాపు 460 కోట్ల ఏళ్లు కాబట్టి గెలాక్సీ లెక్కలో అది నడివయసు. అప్పటి నుంచి కొందరు అవునంటారు, కొందరు కాదంటారు. కాదనే వాళ్ల దగ్గర గట్టి వాదన ఒకటి ఉంది. కనిపించే కాంతిలో రంగు ఎర్రగా ఉందంటే నక్షత్రాలు ముసలివైనా కావచ్చు, వాటిలో లోహాలు ఎక్కువైనా కావచ్చు (మా వాళ్లకి హీలియం దాటిన ప్రతిదీ లోహమే, కెమిస్ట్రీ వాళ్లు క్షమించాలి). 1994లో వర్తీ దీనికి ఒక లెక్క కట్టాడు: వయసు మూడు రెట్లు పెంచినా, లోహాలు రెండు రెట్లు పెంచినా రంగు దాదాపు ఒకేలా మారుతుంది. అంటే రంగొక్కటే చూసి వయసు చెప్పడం, నడక చూసి జీతం చెప్పడం లాంటిదే.

మరి నియర్ ఇన్‌ఫ్రారెడ్ ఎందుకు? సుమారు 1 నుంచి 2.5 మైక్రాన్ల దాకా ఉండే కాంతి ఇది. జె అంటే 1.25 మైక్రాన్ల దగ్గర, హెచ్ అంటే 1.65, కె అంటే 2.2. ధూళి దీన్ని పెద్దగా ఆపలేదు, కె బ్యాండ్‌లో అడ్డు కనిపించే కాంతిలో ఉండేదాంట్లో పదో వంతు మాత్రమే. ఎం32కి ఆ లాభం పెద్దగా అక్కర్లేదు, లోపల ధూళి లేదు. నాకు కావాల్సింది వేరే. ఈ కాంతిలో మెరిసేది చల్లబడి ఉబ్బిన రెడ్ జెయింట్లు, వాటి తర్వాత దశలో ఉండే ఏజీబీ నక్షత్రాలు. పెళ్లిపందిట్లో అయిదొందల మంది ఉన్నా వీధి చివరికి వినిపించేది సన్నాయీ డోలూ మాత్రమే కదా, గెలాక్సీలో ఈ నక్షత్రాల పాత్ర అదే. సంఖ్యలో పిడికెడు, వెలుగులో సింహభాగం.

వయసు సంగతి ఇక్కడ వస్తుంది. నక్షత్రాలు పుట్టిన సుమారు 50 కోట్ల నుంచి 200 కోట్ల ఏళ్ల మధ్య ఏజీబీలో చివరి దశ, టీపీ-ఏజీబీ అంటారు, బాగా జోరుగా ఉంటుంది. లోపలి పొర మాటిమాటికీ భగ్గుమంటుంది, కార్బన్ పైకి తోడుకొస్తుంది, కొన్ని నక్షత్రాల్లో ఆక్సిజన్ కంటే కార్బన్ ఎక్కువైపోయి అవి కార్బన్ స్టార్లుగా మారతాయి. అప్పుడు స్పెక్ట్రంలో 1.1 మైక్రాన్ల దగ్గర, 1.4 మైక్రాన్ల దగ్గర సీఎన్ (కార్బన్, నైట్రోజన్ కలిసిన) అణువుల వల్ల గట్టి గండ్లు, అంటే వెలుగు తగ్గిన పల్లాలు, పడతాయి. ఆ గండ్లు కనిపిస్తే ఈ గెలాక్సీలో నడివయసు కంటే కొంచెం చిన్న నక్షత్రాలు ఉన్నట్టే. కాగితం మీద ఎంత బాగుందో చూడండి. లోహాలతో తికమక లేదు, నేరుగా వయసు.

కాగితం మీద అన్నాను కదా. ఇక టెలిస్కోప్ సంగతి.

ఏ టెలిస్కోపో చెప్పను, రెండు మీటర్ల తరగతిది, పరికరం మంచిదే. నాకు వచ్చింది శరత్కాలంలో మూడు రాత్రులు, ఆండ్రోమెడా నడినెత్తికి వచ్చే కాలం. నియర్ ఐఆర్‌లో రాత్రి ఆకాశం చీకటిగా ఉండదని కొత్తవాళ్లు నమ్మరు. పైన 90 కిలోమీటర్ల ఎత్తులో హైడ్రాక్సిల్ అణువులు రాత్రంతా మిణుకుమంటూనే ఉంటాయి, ఆ గీతలు నిమిషాల్లో పెరిగి తగ్గుతుంటాయి. కె బ్యాండ్ చివరికి వెళ్లేసరికి టెలిస్కోప్ సొంత వేడి కూడా తోడవుతుంది. ఎం32 నడిబొడ్డు ఆకాశాన్ని మించి మెరుస్తుంది గానీ, దాని సగం వెలుగు ఉండే వ్యాసార్థం, అంటే దాదాపు 30 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు, ఆర్క్ నిమిషం 60వ వంతు) దగ్గరికి వచ్చేసరికి కె బ్యాండ్‌లో ఆకాశమే గెలాక్సీకి పది రెట్లు ఎక్కువ. నాకేమో ఆ బయటి భాగం కూడా కావాలి, హబుల్‌తో నక్షత్రాలు లెక్కపెట్టింది బయటి వైపే కాబట్టి.

అందుకని అందరూ చేసేదే చేస్తాం. స్లిట్ (వెలుగు పరికరంలోకి వెళ్లే సన్నటి చీలిక) మీద గెలాక్సీని ఒక చోట పెట్టి ఫొటో, పక్కకి జరిపి ఇంకో ఫొటో, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఆకాశం పోతుంది. దీన్ని నాడ్ చేయడం అంటాం. మొదటి రాత్రి నేను స్లిట్ వెంబడే జరిపాను, టైం కలిసొస్తుందని. జరిపిన చోట కూడా ఎం32 వెలుగు ఉంది! గెలాక్సీలోంచి గెలాక్సీనే తీసేశాను. నడిబొడ్డుకి పెద్ద తేడా రాలేదు, బయటి భాగం మాత్రం దాదాపు మాయమైంది. ఉదయం రిడక్షన్ (డేటాని శుభ్రం చేసిన ఫలితం) చూసిన మా సీనియర్ అక్క ఒకటే అడిగింది, "స్కై ఎక్కడ తీశావురా?" అని. చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు, టీ కప్పు తీసుకుని వెళ్లిపోయింది. అంతకన్నా తిట్టినా బాగుండేది.

రెండో రాత్రి ఈ తప్పు జరగకూడదని చాలా దూరం, ఆండ్రోమెడా అంచులు కూడా దాటి, ఖాళీ ఆకాశం తీసుకున్నాను. ఇది ఇంకో రకం తప్పు. ఎం32 మనకి ఆండ్రోమెడా కేంద్రానికి కేవలం 24 ఆర్క్ నిమిషాల దూరంలో, దాని డిస్క్ మీద పడి కనిపిస్తుంది. ఖాళీ ఆకాశం తీసేస్తే ఆకాశం పోయింది గానీ ఆండ్రోమెడా డిస్క్ వెలుగు ఎం32 బయటి భాగంలో అలాగే మిగిలిపోయింది. ఆ డిస్క్‌లో కుర్ర నక్షత్రాలు బోలెడు. పొరుగింటి పిల్లల్ని కూడా మన రేషన్ కార్డులో కలిపేసినట్టు అయింది. మూడో రాత్రికి బుద్ధొచ్చి, ఆకాశమంతటినీ నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లో తీసిన టూమాస్ సర్వే ఇచ్చిన ఆండ్రోమెడా ఇమేజ్ పెట్టుకుని, ఎం32 ఉన్న చోట డిస్క్ ఎంత వెలుగుందో సరిగ్గా అంతే వెలుగు ఉండి, ఎం32 లేని చోటు వెతికి స్కై అక్కడ తీశాను. రాత్రిలో సగం ఖాళీ స్కైకే పోయింది. మూడు రాత్రుల్లో బయటి భాగానికి పనికొచ్చిన డేటా ఈ ఒక్క రాత్రిదే.

ఇంత చేశాక వచ్చిందే మొదట్లో చెప్పిన ముచ్చటైన స్పెక్ట్రం. దాన్ని ఫిట్ చేస్తేనే రెండు జవాబులు.

మోడళ్ల గురించి కొంచెం చెప్పాలి. 2003లో బ్రుజువల్, చార్లో ఇచ్చిన మోడల్ ఒకటి, 2005లో మారాస్టన్ ఇచ్చింది ఇంకోటి, ఈ రెండూ మా ఫీల్డ్‌లో ఇంటింటి పేర్లు. తేడా ప్రధానంగా టీపీ-ఏజీబీ దగ్గరే. మారాస్టన్ మోడల్‌లో ఆ నక్షత్రాల వెలుగు బాగా ఎక్కువ, సీఎన్ గండ్లు లోతు. ఇది చిన్న పట్టింపు కాదు. 2006లో ఆవిడ బృందం హబుల్ అల్ట్రా డీప్ ఫీల్డ్‌లోని దూరపు గెలాక్సీలు ఏడింటిని తమ మోడల్‌తో ఫిట్ చేస్తే వయసులు తగ్గాయి, ద్రవ్యరాశులు సగటున 60 శాతం దాకా పడిపోయాయి. అవే గెలాక్సీలు, అవే ఫొటోలు. ఏదో ఒక దశ నక్షత్రాలకి ఎంత వెలుగు ఇవ్వాలన్న దాని మీద గెలాక్సీ బరువే సగానికి పైగా ఎగిరిపోయింది.

నా స్పెక్ట్రంలో మారాస్టన్ మోడల్ కుర్ర వయసు చెప్పింది, రెండోది, అంటే బ్రుజువల్, చార్లోలది, ముసలి వయసు. ఏ పిక్సెళ్ల వల్ల ఈ జవాబు వస్తోందో చూడాలన్న ఆలోచన నాకు రెండు నెలల తర్వాత గానీ రాలేదు, సిగ్గుగానే ఉంది. స్పెక్ట్రాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్క తీసేస్తూ మళ్లీ మళ్లీ ఫిట్ చేశాను. 2.29 మైక్రాన్ల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ గండి తీసేసినా కుర్రదే. జె మధ్యలో తీసేసినా కుర్రదే. 1.35 నుంచి 1.5 మైక్రాన్ల దాకా ఉన్న ముక్క తీసేయగానే వయసు ఒక్కసారిగా పెరిగి, రెండో మోడల్‌కి దగ్గరగా వచ్చి కూర్చుంది.

ఆ ముక్కలో ఏముంది? సీఎన్ గండి, 1.4 దగ్గర. అదే చోట ఇంకేముంది? మన భూమి గాలిలోని నీటి ఆవిరి. జె, హెచ్ బ్యాండ్ల మధ్య ఆ తరంగదైర్ఘ్యాలని ఆవిరి దాదాపు పూర్తిగా మింగేస్తుంది, అందుకే అవి రెండు వేరే బ్యాండ్లు అయ్యాయి. దూరపు గెలాక్సీ అయితే రెడ్‌షిఫ్ట్ వల్ల, అంటే విశ్వం వ్యాకోచంతో తరంగదైర్ఘ్యం సాగడం వల్ల, ఆ గండి పక్కకి జరిగి స్వచ్ఛమైన చోటికి వస్తుంది. ఎం32 మన పక్కది, పైగా సెకనుకి సుమారు 200 కిలోమీటర్ల వేగంతో మన వైపే వస్తోంది. గండి ఎక్కడికీ జరగదు, సరిగ్గా ఆవిరి మీదే కూర్చుంటుంది.

దీన్ని సరిచేయడానికి ఏ0 రకం నక్షత్రం ఒకదాన్ని, గెలాక్సీకి దగ్గర్లో ఉన్నదాన్ని, అదే ఎత్తులో, అదే సమయానికి తీయాలి. అందులో హైడ్రోజన్ గీతలు తప్ప పెద్దగా ఏమీ ఉండవు కాబట్టి మిగిలిన గండ్లన్నీ గాలివే, వాటితో గెలాక్సీ స్పెక్ట్రాన్ని భాగిస్తాం. టెలూరిక్ స్టాండర్డ్ అంటారు. మూడో రాత్రి స్కై చోటు దొరికిన సంబరంలో స్టాండర్డ్‌ని గెలాక్సీ అయిపోయిన గంట తర్వాత తీశాను. ఆ గంటలో ఎత్తు మారింది, గాలిలో తేమ మారింది. భాగిస్తే 1.4 చుట్టూ కొంచెం ఆవిరి మిగిలిపోయింది, ఒక మెట్టులాగా. సీఎన్ గండి కూడా అక్కడ మెట్టులాగానే ఉంటుంది. పాపం మారాస్టన్ మోడల్ దగ్గర ఆ మెట్టుకి సరిపడే వస్తువు ఉంది కాబట్టి తీసి వాడుకుంది. రెండో మోడల్ దగ్గర లేదు కాబట్టి చూసీ చూడనట్టు పోయింది. అంటే రెండు నెలలు వయసు అనుకుని నేను ఫిట్ చేసింది ఆ రాత్రి గాలిలోని తేమని.

మా గైడ్ గారికి చెబితే ఆయన నవ్వి, "ఇది అందరికీ ఒకసారి అవుతుందమ్మా, రెండోసారి కాకుండా చూసుకో" అన్నారు. ఆయనకి ఎన్నిసార్లు అయిందో అడిగే ధైర్యం చాల్లేదు.

ఆ ముక్కని మాస్క్ చేశాక (లెక్కలోంచి తప్పించాక) కూడా రెండు మోడళ్లూ ఒక మాట మీదికి రాలేదు. ఇది మాత్రం నా తప్పు కాదు. 2018లో బాల్డ్విన్ బృందం జెమిని టెలిస్కోప్ మీది జీనిర్స్ పరికరంతో 12 గెలాక్సీలకి ఇదే పని చాలా శుభ్రంగా చేసింది. కనిపించే కాంతిలో మోడళ్లన్నీ దాదాపు ఒకటే కథ చెప్పాయి, నియర్ ఇన్‌ఫ్రారెడ్‌కి వచ్చేసరికి ఎవరి కథ వాళ్లది. అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చింది ఏ నక్షత్రాల స్పెక్ట్రాల లైబ్రరీ వాడారన్నది. చల్లటి జెయింట్ల మంచి స్పెక్ట్రాలు మన దగ్గర కొన్ని వందలకి మించి లేవు, అవీ ఎక్కువగా సూర్యుడి ఇరుగుపొరుగువే. వాటితోనే విశ్వమంతా ఉన్న గెలాక్సీలకి కుర్తా కుడుతున్నాం.

ఇప్పుడు వెనక పేజీ జవాబు. 1992లో ఫ్రీడ్‌మన్ ఎం32ని నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లోనే, ముద్దగా కాకుండా నక్షత్రాలుగా చూసింది. రెడ్ జెయింట్లకి ఒక వెలుగు పరిమితి ఉంటుంది, అది దాటి మెరిసే ఏజీబీ నక్షత్రాలు చాలా కనిపించాయి. మరీ ముసలి, లోహాలు తక్కువున్న నక్షత్రాలైతే అంత పైకి రావు. నడివయసు వాటికి సాక్ష్యం దొరికిందనుకున్నారు. అంత ఇరుకులో రెండు మూడు నక్షత్రాలు కలిసి ఒకే వెలుగు చుక్కలా కనిపిస్తున్నాయేమో అని రెంజీని వంటి వాళ్లు హెచ్చరించారు, అది ఉత్త శంక కాదు. ఆ తర్వాత జెమినిలో అడాప్టివ్ ఆప్టిక్స్‌తో (గాలి వల్ల వచ్చే చెదురుని సరిదిద్దే పద్ధతి) వేర్వేరు సమయాల్లో చూస్తే ఆ మెరిసే వాటిలో చాలా వాటి వెలుగు మారుతోందని తేలింది. ఇరుకులో కలిసిపోయిన మామూలు నక్షత్రాలు అలా వెలుగు మార్చుకోవు, నిజమైన ఏజీబీలు మార్చుకుంటాయి. ఈ ఆధారం నాకు అన్నిటికన్నా ఇష్టం, మోడల్ అక్కర్లేదు, రెండుసార్లు చూస్తే చాలు.

చివరికి 2011, 2012లో మొనాకేసి బృందం హబుల్‌తో కేంద్రానికి 110 ఆర్క్ సెకన్ల దూరంలో నక్షత్రాలని లెక్కపెట్టి, ఆండ్రోమెడా వాటా విడిగా తీసేసి చెప్పింది: ద్రవ్యరాశిలో సుమారు 40 శాతం 200 నుంచి 500 కోట్ల ఏళ్ల మధ్య వయసున్న, లోహాలు ఎక్కువున్న నక్షత్రాలది, దాదాపు 55 శాతం 500 కోట్ల ఏళ్లు దాటిన వాటిది. ఎర్రర్ బార్లు చిన్నవేమీ కావు, 17, 21 శాతం. అదే ప్రాంతంలో ఆర్ఆర్ లైరే నక్షత్రాలు కూడా దొరికాయి, అంటే 1000 కోట్ల ఏళ్లు దాటిన ముసలివీ ఉన్నాయి. ఓకానెల్ మాట, ఆయన్ని కాదన్న వాళ్ల మాట, రెండూ సగం సగం నిలబడ్డాయి.

ఈ జవాబు పక్కన నా స్పెక్ట్రం పెడితే అర్థమైంది, నేను అడిగిన ప్రశ్నే తప్పని. 200 నుంచి 500 కోట్ల ఏళ్లంటే టీపీ-ఏజీబీ జోరు అప్పటికే తగ్గిపోయిన వయసు. పైగా లోహాలు ఎక్కువున్న చోట ఆక్సిజన్ ఎక్కువ, దాన్ని మించడానికి కార్బన్ ఎక్కువ తోడాలి, అందుకని కార్బన్ స్టార్లు తయారవడం కష్టం. అంటే ఎం32లో నడివయసు నక్షత్రాలు నిండుగా ఉన్నా నేను వెతుకుతున్న సీఎన్ గండి లోతుగా ఉండాల్సిన పని లేదు. గండి లేకపోతే ముసలిదనుకోవడం తప్పు, ఆవిరి వల్ల వచ్చిన గండిని చూసి కుర్రదనుకోవడం ఇంకా పెద్ద తప్పు. ఈ గెలాక్సీలో ముద్ద వెలుగుతో వయసు చెప్పాలంటే కనిపించే కాంతిలోని హైడ్రోజన్ బీటా గీతే దిక్కు. నియర్ ఇన్‌ఫ్రారెడ్ ఎవరు జెయింట్లో, ఎంత ద్రవ్యరాశి ఉందో బాగా చెబుతుంది, వయసులో దాన్ని సాక్షిగా పిలవొచ్చు గానీ జడ్జి కుర్చీ ఇవ్వకూడదని నా అభిప్రాయం. ఒప్పుకోని వాళ్లు ఉన్నారు.

ఒప్పుకోని వాళ్లకి ఈ మధ్య బలం వచ్చింది కూడా. 2013లో జిబెట్టి బృందం నక్షత్రాల పుట్టుక ఈమధ్యే ఆగిన గెలాక్సీలు 16 తీసుకుని, చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోప్ మీది ఐజాక్ పరికరంతో చూసింది. సీఎన్ గండి జరిగి హెచ్ బ్యాండ్‌లో, ఆవిరి లేని చోట పడేలా రెడ్‌షిఫ్ట్ 0.2 దగ్గరి వాటినే ఎంచుకుంది. చదివినప్పుడు మంచి తెలివి అనుకుని ఊరుకున్నాను, నా తప్పు తర్వాత ఆ ఎంపిక విలువ తెలిసింది. లోతైన గండ్లు ఏమీ కనిపించలేదు, మారాస్టన్ మోడల్ పని అయిపోయిందన్నారు చాలామంది. అయితే 2024లో లూ బృందం జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ మీది నిర్‌స్పెక్ పరికరంతో, రెడ్‌షిఫ్ట్ 1, 2 మధ్య ఉన్న గెలాక్సీలు మూడింట్లో టీపీ-ఏజీబీ గండ్లు స్పష్టంగా చూపించింది. అంతరిక్షంలో ఆవిరి లేదు, హైడ్రాక్సిల్ మిణుకులు లేవు, స్టాండర్డ్ గంట ఆలస్యమయ్యే గొడవ లేదు. మరి జిబెట్టి గెలాక్సీల్లో ఎందుకు లేవన్నది వయసు వల్లా, లోహాల వల్లా, ఇంకేదైనానా అని వాదన నడుస్తూనే ఉంది. నేను మాత్రం రెండు పేపర్లలోనూ మొదట స్పెక్ట్రంలో ఏ ముక్క మాస్క్ చేశారో చూశాను, అలవాటైపోయింది.

నేల మీద నుంచి మళ్లీ ఎం32 తీస్తే ఎలా తీస్తానో కూడా రాసేస్తాను. స్టాండర్డ్‌ని గెలాక్సీకి ముందొకటి, తర్వాతొకటి, మధ్యలో ఇంకొకటి, ఎయిర్‌మాస్ (వెలుగు దాటి వచ్చే గాలి మందం) తేడా 0.1 దాటకుండా. 1.35 నుంచి 1.45 దాకా, 1.8 నుంచి 1.95 దాకా ఏమొచ్చినా చూడకుండా మాస్క్, ఎంత అందంగా కనిపించినా సరే. స్కై మూడో రాత్రి తీసిన చోటే. ఫిట్‌లో కనీసం రెండు లైబ్రరీలు. కనిపించే కాంతి స్పెక్ట్రం లేకుండా వయసు అనే మాట పేపర్‌లో రాయను.

మొన్న పాత ఫోల్డర్లు సర్దుతుంటే ఆ మూడో రాత్రి లాగ్ షీట్ దొరికింది. ఎక్స్‌పోజర్ టైం, ఎయిర్‌మాస్, సీయింగ్ అన్నీ నీటుగా నింపాను. రిమార్క్స్‌లో "మేఘాలు లేవు, అద్భుతమైన రాత్రి" అని రాసుకున్నాను. హ్యుమిడిటీ కాలమ్ మాత్రం పైనుంచి కిందిదాకా ఖాళీ.